యాభై లక్షల మంది ఉన్నా వీసా దగ్గర మాట ఎందుకు చెల్లట్లేదు? అమెరికా విదేశాంగ విధానంపై భారతీయ సంఘాల పట్టు ఎంతవరకు

క్లుప్తంగా: అమెరికాలోని భారతీయ సంఘాలు 2008లో భారత్, అమెరికాల అణు ఒప్పందాన్ని గట్టెక్కించడంలో పెద్ద పాత్ర పోషించాయి. గ్రీన్‌కార్డు కోటాను మాత్రం మార్చలేకపోయాయి. 2025లో హెచ్‌-1బీపై వచ్చిన లక్ష డాలర్ల ఫీజునూ ఆపలేకపోయాయి. అణు ఒప్పందాన్ని అమెరికా ప్రభుత్వమే కోరుకుంది, దానికి కాంగ్రెస్ (ప్రతినిధుల సభ, సెనేట్ కలిసిన అమెరికా చట్టసభ) ఓటు అవసరమైంది, అడిగినవారు అక్కడి ఓటర్లు. వీసా విషయంలో ఈ మూడింటిలో ఏదీ పూర్తిగా లేదు.

2025 సెప్టెంబర్ 19న అధ్యక్షుడు ట్రంప్ ఒక ప్రకటనపై సంతకం చేశారు. విదేశంలో ఉన్న ఉద్యోగి కోసం కంపెనీ కొత్తగా హెచ్‌-1బీ దరఖాస్తు పెడితే లక్ష డాలర్లు కట్టాలి. అప్పటి మారకం రేటు ప్రకారం దాదాపు 88 లక్షల రూపాయలు. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి బిడ్డను ఎంఎస్‌కు పంపిన ఇళ్లు నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, వనపర్తి, మహబూబ్‌నగర్‌లలో చాలానే ఉన్నాయి. ఆ ఇళ్లన్నిటిలో అప్పటినుంచి ఒకటే ప్రశ్న: అమెరికాలో మనవాళ్లు యాభై లక్షల మందికి పైగా ఉన్నారు, డాక్టర్లు, హోటల్ యజమానులు, పెద్ద కంపెనీల అధిపతులు ఉన్నారు, అయినా దీన్ని ఎందుకు ఆపలేకపోయారు?

ప్రశ్న న్యాయమైనదే. ఒక జాతికి చెందిన సంఘాలు ఒక దేశపు విధానాన్ని ఏ దారిలో కదిలిస్తాయో చూస్తే జవాబు దొరుకుతుంది.

ఎవరి మాట లెక్కలోకి వస్తుంది

అమెరికా ప్రతినిధుల సభలో 435 మంది సభ్యులు. ఒక్కో నియోజకవర్గంలో జనాభా సుమారు 7.6 లక్షలు, రెండేళ్లకోసారి ఎన్నిక. అందుకే సభ్యుడి ఆఫీసుకు ఫోన్ చేసినా, మెయిల్ పంపినా మొదట అడిగేది మన పిన్ కోడ్ లాంటి జిప్‌ కోడ్. తమ నియోజకవర్గం కాదని తేలితే ఆ విన్నపం పక్కకు పోతుంది. న్యూజెర్సీలో ఉన్న వెయ్యి మంది సంతకాలకంటే అయోవాలోని ఆ నియోజకవర్గంలో ఉన్న ఇద్దరు డాక్టర్ల భేటీకే అక్కడి సభ్యుడి దగ్గర విలువ ఎక్కువ.

ఆ భేటీ కూడా చాలాసార్లు సభ్యుడితో జరగదు, విదేశాంగ విషయాలు చూసే సహాయకుడితో జరుగుతుంది. దొరికే సమయం పదిహేను, ఇరవై నిమిషాలు. అనుభవమున్న బృందం ఒక్క పేజీ కాగితంతో వెళ్తుంది, ఒకే ఒక్క కోరిక పెడుతుంది: ఫలానా నంబరు బిల్లుకు సహ ప్రతిపాదకులుగా చేరండి. వారం తర్వాత మళ్లీ ఫోన్ చేస్తుంది. వీసాలు, కశ్మీర్, వాణిజ్యం, గుడులపై దాడులు అన్నీ ఒకేసారి ఏకరువు పెట్టిన బృందం 'పరిశీలిస్తాం' అనే మాటతో బయటికి వస్తుంది. సహాయకుడు తన సభ్యుడికి రాసే నోట్‌లో అవుననో కాదనో తేల్చదగిన ప్రశ్న ఒకటి ఉండాలి. అది లేకపోతే ఆ నోట్ ముందుకు కదలదు.

రెండోది డబ్బు. 2025–26 ఎన్నికల కాలానికి ఒక వ్యక్తి ఒక అభ్యర్థికి ఒక్కో ఎన్నికకు 3,500 డాలర్ల వరకు ఇవ్వొచ్చు. ప్రాథమిక ఎన్నిక, అసలు ఎన్నిక వేరువేరుగా లెక్కిస్తారు కాబట్టి మొత్తం 7,000. పలువురి విరాళాలు కూడగట్టే రాజకీయ కార్యాచరణ కమిటీ, అంటే ప్యాక్, ఒక్కో ఎన్నికకు 5,000 డాలర్లు ఇవ్వొచ్చు. పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారు మాత్రమే ఈ విరాళాలు ఇవ్వగలరు. ఎఫ్‌-1 మీద చదివే విద్యార్థికి, హెచ్‌-1బీ మీద పనిచేసే ఉద్యోగికి ఫెడరల్ చట్టం దీన్ని పూర్తిగా నిషేధించింది. ఓటు పౌరులకే. వీసా దెబ్బ తగిలే మనిషికి అటు ఓటూ లేదు, ఇటు విరాళం ఇచ్చే హక్కూ లేదు. ఈ వ్యవహారంలో అన్నిటికంటే పెద్ద లోటు ఇదే, మన ఇళ్లలో అన్నిటికంటే తక్కువగా తెలిసిందీ ఇదే.

ఇక మనకు బాగా తెలిసిన తెలుగు సంఘాలు. తానా 1977లో మొదలైంది, ఆటా ఆ తర్వాత వచ్చింది. ఇవి పన్ను మినహాయింపు పొందిన సేవా, సాంస్కృతిక సంస్థలు. ఆ కోవలోని సంస్థ ఏ అభ్యర్థికీ మద్దతు ప్రకటించకూడదు, చట్టాల కోసం ఒత్తిడి తేవడమూ పరిమితంగానే చేయాలి. మహాసభ వేదికమీద ఒక సెనేటర్‌కు శాలువా కప్పినంత మాత్రాన అది లాబీయింగ్ కాదు. ఆ పని చేయడానికి వేరే రకం సంస్థ, వేరే ఖాతా, వేరే నమోదు కావాలి.

మరో గీత కూడా ఉంది. విదేశీ ప్రభుత్వం డబ్బుతోనో, చెప్పుచేతల్లోనో పనిచేసేవారు 1938 నాటి విదేశీ ఏజెంట్ల నమోదు చట్టం కింద పేరు నమోదు చేసుకోవాలి. భారత రాయబార కార్యాలయం వాషింగ్టన్‌లో లాబీ కంపెనీలను పెట్టుకుంటుంది, అవి ఈ చట్టం కింద నమోదై ఉంటాయి. అక్కడి పౌరుల సంఘం ఆ గీత దాటితే దానికి పౌరుల గొంతు అనే విలువ పోతుంది. సంఘం పెద్దలు ఢిల్లీ చెప్పినట్టు ఆడుతున్నారన్న అనుమానం వచ్చినా చాలు, కాంగ్రెస్ ఆఫీసుల తలుపులు బరువెక్కుతాయి.

2005–08: అణు ఒప్పందం ఎలా గట్టెక్కింది

భారతీయుల ప్రయత్నాలు ఇప్పటివి కావు. ఇండియా లీగ్ ఆఫ్ అమెరికా తరఫున జె.జె. సింగ్ ఏళ్ల తరబడి తిరిగిన ఫలితంగా 1946లో భారతీయులకు పౌరసత్వ హక్కు, ఏడాదికి 100 మంది వలస కోటా వచ్చాయి. 1956లో దలీప్ సింగ్ సౌండ్ కాలిఫోర్నియా నుంచి ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు. 1965 వలస చట్టం తర్వాత డాక్టర్లు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో వెళ్లారు. 1982లో భారత సంతతి డాక్టర్ల సంఘం, 1989లో హోటల్ యజమానుల సంఘం ఏర్పడ్డాయి. ఈ రెండింటి బలం సంఖ్యలో లేదు, విస్తరణలో ఉంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు నాలుగైదు మహానగరాల్లో గుమిగూడితే, జిల్లా ఆసుపత్రిలాంటి చోట పనిచేసే డాక్టరు, హైవే పక్క మోటల్ నడిపే కుటుంబం అమెరికా మారుమూల నియోజకవర్గాల్లో కూడా ఉన్నారు.

1990లలో డాన్ బర్టన్ అనే సభ్యుడు పంజాబ్, కశ్మీర్ మానవ హక్కుల పేరుతో భారత్‌కు సాయం తగ్గించాలని పదేపదే సవరణలు తెచ్చేవారు. వాటిని ఓడించే పనిలోనే మనవాళ్లు ఓట్లు లెక్కపెట్టడం నేర్చుకున్నారు. 1993లో ప్రతినిధుల సభలో భారత కాకస్ (భారత్ విషయాలపై కలిసి పనిచేసే సభ్యుల బృందం), 2004లో సెనేట్‌లో మరొకటి ఏర్పడ్డాయి.

2005 జూలై 18న మన్మోహన్ సింగ్, బుష్ వాషింగ్టన్‌లో ఉమ్మడి ప్రకటన చేశారు. అక్కడ అడ్డంకి 1954 అణుశక్తి చట్టం. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంపై సంతకం చేయని భారత్‌కు అణు ఇంధనం, రియాక్టర్లు అమ్మాలంటే ఆ చట్టానికి మినహాయింపు కావాలి, దాన్ని కాంగ్రెసే ఇవ్వాలి. సంఘాలకు పని దొరికింది ఇక్కడే. 2006 మార్చి 2న ఢిల్లీలో పౌర, సైనిక రియాక్టర్లను విడదీసే ప్రణాళిక కుదిరింది. మరుసటి రోజు బుష్ హైదరాబాద్ వచ్చి ఇక్కడ కాన్సులేట్ పెడతామని ప్రకటించారు.

ఆ ఏడాదంతా సంఘాలు నియోజకవర్గాలవారీగా పని పంచుకున్నాయి. తమ సభ్యుడికి గతంలో విరాళాలు ఇచ్చిన డాక్టర్లు, వ్యాపారులు నేరుగా వెళ్లి ఒకే కోరిక పెట్టారు. అమెరికా వాణిజ్య మండలి, రియాక్టర్లూ విమానాలూ అమ్ముకోవాలనుకున్న కంపెనీలు మరోవైపు నుంచి కదిలాయి. మినహాయింపు బిల్లును 2006 జూలై 26న ప్రతినిధుల సభ 359–68 తేడాతో, నవంబర్ 16న సెనేట్ 85–12 తేడాతో ఆమోదించాయి. డిసెంబర్ 18న హెన్రీ హైడ్ చట్టం వచ్చింది. 2008 సెప్టెంబర్ 6న అణు సరఫరా దేశాల బృందం మినహాయింపు ఇచ్చింది. తుది ఒప్పందానికి ప్రతినిధుల సభలో 298–117, అక్టోబర్ 1న సెనేట్‌లో 86–13 ఓట్లు వచ్చాయి.

అంకెలు చూస్తే సంఘాలదే విజయం అనిపిస్తుంది. కానీ ఒప్పందం ఆలోచన సంఘాలది కాదు. చైనా ఎదుగుదలను చూసి భారత్‌ను దగ్గర చేసుకోవాలన్నది శ్వేతసౌధం తీసుకున్న నిర్ణయం. అణ్వస్త్ర నిరోధక నిపుణులు గట్టిగా వ్యతిరేకించారు, అయితే వారి వెనుక ఏ నియోజకవర్గంలోనూ ఓటర్ల గుంపు లేదు. ప్రభుత్వం కోరిక, కంపెనీల లాభం, ఓటున్న ప్రవాసుల ఒత్తిడి మూడూ ఒకే వైపు ఉన్నాయి. సంఘాలు చేసింది ఊగిసలాడే సభ్యులను ఇటు తిప్పడం. అది చిన్న పనేమీ కాదు, అలాగని విధానాన్ని పుట్టించడమూ కాదు.

ఇతర జాతుల సంఘాలతో పోలిస్తే

క్యూబా సంతతివారి జాతీయ ఫౌండేషన్‌ను 1981లో జార్జ్ మాస్ కనోసా నెలకొల్పారు. 1992 క్యూబా ప్రజాస్వామ్య చట్టం, 1996 హెల్మ్స్–బర్టన్ చట్టం వెనుక ఆ ఒత్తిడి ఉంది. క్యూబా ఆంక్షలు అధ్యక్షుడి ఇష్టంతో ఎత్తేయలేనంతగా చట్టంలో బిగుసుకుపోయాయి. ఇప్పుడు వారి సంఖ్య భారతీయులకంటే తక్కువే. కానీ ఎక్కువమంది ఫ్లోరిడాలో ఉన్నారు, ఎక్కువమంది పౌరులు. 2000 అధ్యక్ష ఎన్నిక ఫ్లోరిడాలో 537 ఓట్లతో తేలింది. భారతీయులు ఎక్కువగా ఉన్న కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్, టెక్సస్, ఇల్లినాయిస్ ఇటీవలి అధ్యక్ష ఎన్నికల్లో ఫలితం ముందే తెలిసిపోయే రాష్ట్రాలు. ఆ ఓటుకు బేరం తక్కువ.

గ్రీకు సంతతివారిది మరో అనుభవం. 1974లో టర్కీ, గ్రీకులు ఎక్కువగా ఉన్న సైప్రస్‌పై దండెత్తింది. ప్రభుత్వానికి ఇష్టం లేకపోయినా 1975 ఫిబ్రవరిలో టర్కీకి ఆయుధాలు ఆగిపోయేలా కాంగ్రెస్‌తో చేయించగలిగారు. నాటో స్థావరాల అవసరం ముందుకు రావడంతో 1978లో ఆ నిషేధం పోయింది. ప్రభుత్వానికి ఎదురెళ్లి గెలవొచ్చు, ఆ గెలుపును నిలుపుకోవడం కష్టం.

అందరూ ఉదాహరణగా చెప్పే ఇజ్రాయెల్ అనుకూల సంస్థ ఐపాక్‌కూ ఓటములున్నాయి. 1981లో సౌదీ అరేబియాకు ఐదు అవాక్స్ నిఘా విమానాలు అమ్మాలని రీగన్ అనుకున్నారు. ప్రతినిధుల సభ 301–111 తేడాతో వద్దంది. సెనేట్‌లో మాత్రం రీగన్ 52–48తో నెగ్గారు. 2015 ఇరాన్ అణు ఒప్పందాన్నీ ఐపాక్ ఆపలేకపోయింది. అధ్యక్షుడు పట్టుబట్టిన విషయంలో అంత బలమైన సంస్థకూ చుక్కెదురైంది. ఇది గుర్తుంటే 2025లో మనవాళ్లకు ఏమైందో అర్థం చేసుకోవడం తేలిక.

గ్రీన్‌కార్డు బిల్లు ఎక్కడ ఆగింది

ఉద్యోగ కోటాలో ఏటా 1,40,000 గ్రీన్‌కార్డులు ఇస్తారు. 1990 చట్టం ప్రకారం ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి వెళ్లకూడదు. అంటే ఈ కోటాలో భారత్‌కు సుమారు 9,800, వేరే దేశాలు వాడుకోక మిగిలితే ఇంకొన్ని. వాటిలోనే భార్య, భర్త, పిల్లల లెక్క కూడా ఉంటుంది. జనాభాతో సంబంధం లేకుండా చిన్న దేశానికీ అదే పరిమితి. 2025 చివర్లో ఈబీ-2 (పై చదువులున్న ఉద్యోగుల) వర్గంలో భారతీయులకు నడుస్తున్న దరఖాస్తు తేదీ 2013 దగ్గరే ఉండేది. అంతకు పన్నెండేళ్ల ముందు వరుసలో నిలబడినవారి వంతు అప్పుడు వచ్చిందన్నమాట.

ఈ దేశాలవారీ పరిమితి ఎత్తేయాలన్న బిల్లు 2019 జూలై 10న ప్రతినిధుల సభలో 365–65తో నెగ్గింది. మన పత్రికల్లో, వాట్సాప్‌లో అప్పుడు సంబరాలు జరిగాయి. సెనేట్‌లో దాన్ని ఏకగ్రీవ సమ్మతి పద్ధతిలో తేవాలని చూశారు. ఆ పద్ధతిలో ఒక్క సెనేటర్ లేచి అభ్యంతరం చెప్పినా చాలు, బిల్లు ఆగుతుంది. ఒకరి తర్వాత ఒకరు అభ్యంతరం చెప్పారు. ఏడాదికి పైగా బేరసారాలు జరిగి, మార్పులతో 2020 డిసెంబర్ 2న సెనేట్ దాటింది. ఆ మార్పులపై రెండు సభలకూ పొత్తు కుదరలేదు. 2021 జనవరి 3న ఆ కాంగ్రెస్ కాలం ముగియడంతో బిల్లు చచ్చిపోయింది.

అణు ఒప్పందంతో పోల్చితే తేడా స్పష్టం. గ్రీన్‌కార్డుల మొత్తం సంఖ్య పెంచకుండా పరిమితి మాత్రం ఎత్తేస్తే భారతీయుల వరుస తగ్గినంతా వేరే దేశాలవారి వరుస పెరుగుతుంది. అంటే నష్టపోయేవారు కళ్లెదుటే ఉన్నారు, వారికీ సంఘాలున్నాయి, వారికీ సెనేటర్లున్నారు. నర్సుల కొరత ఉన్న ఆసుపత్రుల ఆందోళన కూడా అడ్డొచ్చింది. అమెరికా భద్రతకు దీనితో పని లేదు. పైగా ఇది విదేశాంగ కమిటీ చేతిలోది కాదు, వలసలు చూసే న్యాయ వ్యవహారాల కమిటీ చేతిలోది. భారత కాకస్‌లో పేరున్న సభ్యుడు ఆయుధాల ఒప్పందానికి ఓటేసినంత సులువుగా వలస బిల్లుకు వేయడు.

భారతీయ సంతతి సభ్యులు కూడా అన్నిటా ఒకే మాట మీద ఉండరు. 2019 డిసెంబర్‌లో కశ్మీర్‌పై తీర్మానం ప్రవేశపెట్టినది చెన్నైలో పుట్టిన ప్రమీలా జయపాలే. వారు తమ నియోజకవర్గానికి ప్రతినిధులు, పుట్టిన దేశానికి కాదు.

ఒక్క సంతకంతో వచ్చిన నిర్ణయం

లక్ష డాలర్ల ఫీజు కాంగ్రెస్ ఓటు లేకుండా వచ్చింది. విదేశీయుల ప్రవేశాన్ని నిలిపే అధికారం అధ్యక్షుడికి ఇచ్చే వలస చట్టం సెక్షన్ ఆధారంగా, 12 నెలల గడువుతో, సెప్టెంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. అడ్డుకోవడానికి బిల్లు నంబరు లేదు, కమిటీ విచారణ లేదు, ఊగిసలాడే సభ్యుడు లేడు. మిగిలిన దారి కోర్టు. అమెరికా వాణిజ్య మండలి అక్టోబర్‌లో కేసు వేసింది. రెండు దశాబ్దాల కిందట అణు ఒప్పందంలో మనవారికి తోడు నడిచిన మండలే ఇది.

అక్టోబర్ 20న వలస విభాగం ఇచ్చిన వివరణ మన కుటుంబాలకు చాలా ముఖ్యం. అమెరికాలోనే చదువుతూ, లేదా ఓపీటీ (చదువుకు అనుబంధంగా ఇచ్చే తాత్కాలిక పని అనుమతి) మీద పనిచేస్తూ, అక్కడే ఎఫ్‌-1 నుంచి హెచ్‌-1బీకి మార్పు పొందేవారికి ఈ ఫీజు వర్తించదు. ఆ మార్పు ఆమోదం పొందకముందే దేశం దాటితే మాత్రం ఇబ్బంది, ఫీజు పడే ప్రమాదం ఉంది. దరఖాస్తు పెండింగ్‌లో ఉండగా చెల్లెలి పెళ్లికని నల్గొండ రావడం వంటి నిర్ణయం లాయరును అడగకుండా తీసుకోవద్దు.

ఒప్పందం నీడ దక్షిణ తెలంగాణపై

ఆ విధానం ఫలితాలు ఇక్కడ కళ్లెదుట ఉన్నాయి. 2008 అక్టోబర్‌లో హైదరాబాద్ కాన్సులేట్ మొదలైంది. అప్పటిదాకా వీసా ఇంటర్వ్యూకు చెన్నై పోవాల్సి వచ్చేది. రక్షణ బంధం బలపడ్డాక ఇబ్రహీంపట్నం దగ్గరి ఆదిభట్లలో సీ-130జే విమానాల తోక భాగాలు, అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి.

యురేనియం సంగతి అంత సాఫీగా లేదు. ఒప్పందం వస్తే విదేశీ ఇంధనం దొరుకుతుంది, ఇక్కడ తవ్వాల్సిన అవసరం తగ్గుతుందని చాలామంది అనుకున్నారు. విడదీత ప్రణాళికలో నిర్మాణంలో ఉన్నవాటితో కలిపి 22 రియాక్టర్లలో 14 మాత్రమే అంతర్జాతీయ తనిఖీ కిందికి వచ్చాయి. దిగుమతి ఇంధనం వాటికే వాడాలి. మిగిలిన ఎనిమిదింటికి దేశంలో తవ్వినదే కావాలి. నాగార్జునసాగర్ జలాశయం పక్కనున్న లంబాపూర్–పెద్దగట్టు ప్రతిపాదన ఒప్పందంకంటే ముందుది. 2003లోనే అక్కడ ప్రజలు ఎదురు తిరిగారు, గని ఈనాటికీ తెరుచుకోలేదు. ఒప్పందం తర్వాత పదేళ్లకు, 2019లో, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం అన్వేషణకు అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. చెంచుపెంటలు, అచ్చంపేట ప్రాంతం, ఆపై రాష్ట్రమంతా కదలడంతో అదే ఏడాది సెప్టెంబర్ 16న శాసనసభ ఏకగ్రీవంగా వ్యతిరేక తీర్మానం చేసింది. వాషింగ్టన్‌లో ఒప్పందానికి ఓట్లు కూడగట్టిన లెక్కల్లో చెంచులు ఎక్కడా లేరు. నల్లమలను నిలబెట్టింది ఇక్కడి జనమే.

ఢిల్లీపై ఒత్తిడి: తమిళనాడుకు దొరికింది, తెలంగాణకు దొరకనిది

మన దేశంలోనూ విదేశాంగం కేంద్రం చేతిలోదే అయినా భాషా సమూహాలు దాన్ని కదిలించిన సందర్భాలున్నాయి. 2013 మార్చిలో శ్రీలంక తమిళుల విషయంలో డీఎంకే తన 18 మంది ఎంపీలతో యూపీఏ నుంచి తప్పుకుంది. రెండు రోజుల్లో భారత్ జెనీవాలోని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలిలో శ్రీలంకకు వ్యతిరేకంగా ఓటేసింది. నవంబర్‌లో కొలంబో కామన్వెల్త్ సదస్సుకు ప్రధాని వెళ్లలేదు. 2014 మార్చిలో అదే అంశంపై భారత్ ఓటింగ్‌కు దూరంగా ఉంది, అప్పటికి డీఎంకే కూటమిలో లేదు. అక్కడ పనిచేసింది కూటమి లెక్క. 17 మంది ఎంపీలున్న తెలంగాణకు వీసాల విషయంలో అలాంటి పట్టు దొరకలేదు. విదేశంలో ఉన్న భారత పౌరుడు ఓటేయాలంటే ఇప్పటికీ స్వయంగా ఊరికి రావాలి. గల్ఫ్ కూలీకైనా, డల్లాస్ ఇంజనీరుకైనా ఇదే నిబంధన. ఇది మారేదాకా వారి కష్టాలు ఎన్నికల లెక్కలోకి రావడం కష్టం.

ఇంటివారు చేయగలిగింది

'బిల్లు పాసైంది' అన్న సందేశం వస్తే అది ఏ సభలో పాసైందో ముందు చూడాలి. రెండు సభలూ ఒకే రూపంలో ఆమోదించి, అధ్యక్షుడు సంతకం చేస్తేనే చట్టం. రెండేళ్ల కాంగ్రెస్ కాలం ముగిస్తే మిగిలిన బిల్లులన్నీ రద్దవుతాయి, మళ్లీ మొదటినుంచి రావాలి.

దరఖాస్తు అకారణంగా ఆగిపోతే, బిడ్డ తాను నివసించే నియోజకవర్గపు ప్రతినిధి ఆఫీసును సాయం అడగొచ్చు. దీనికి ఓటు ఉండనక్కరలేదు, ఆ నియోజకవర్గంలో నివాసం చాలు. సభ్యుడి వెబ్‌సైట్‌లో ప్రభుత్వ విభాగాలతో సాయం అనే పేజీలో గోప్యత విడుదల పత్రం (ప్రైవసీ రిలీజ్ ఫారం) ఉంటుంది. అందులో 13 అక్షరాల రసీదు నంబరు, పుట్టిన తేదీ, ఆగిన తేదీ రాసి సంతకం పెట్టాలి. తల్లిదండ్రుల సంతకం పనికిరాదు. హెచ్‌-1బీలో దరఖాస్తుదారు కంపెనీ కాబట్టి కంపెనీ అనుమతి కూడా అడుగుతారు. ఆఫీసువారు నిర్ణయాన్ని మార్చలేరు. ఫైలు ఎక్కడుందో అడిగి రాతపూర్వకంగా జవాబు తెప్పించగలరు. రసీదు నంబరు తప్పుగా రాయడం, గడువు దాటకముందే అడగడం, ఒకే విషయంపై ఇద్దరు సభ్యుల ఆఫీసులకు రాయడం వల్ల ఇలాంటి విన్నపాలు ఎక్కువగా వెనక్కి వస్తుంటాయి.